పగడం ఇచ్చిన గడియారం

శవం నాగాయలంక దగ్గర వలలో పడింది.

మిట్టమధ్యాహ్నం. వల బరువుగా వస్తుంటే పెద్ద పండుగప్ప చేపే పడిందని జాలరులు సంబరపడ్డారు. తీరా పడవలోకి లాగి చూస్తే నల్లటి రబ్బరు సూటు, వీపుకి గాలి సిలిండరు, ఎడమ మణికట్టున లావుపాటి స్విస్ గడియారం. మనిషి ప్రాణం పోయి ఒకరోజు దాటింది. గడియారం మాత్రం నడుస్తూనే ఉంది. చేతి కదలికకే కీ తిరిగే ఆటోమేటిక్ అది. చచ్చినవాడి చేతిని అలలు ఊపుతుంటే ఆ ఊపుకే దానికి కీ పడుతూ వచ్చింది.

సాయంత్రానికి విజయవాడ నుంచి ఏజెంట్ ఇష్తియాక్ వచ్చాడు. ముఖం మీద కప్పిన గుడ్డ తీసి చూసి, మళ్లీ తనే కప్పాడు.

అది ప్రద్యుమ్న. నేవీలో ఇద్దరూ ఒకే బ్యాచ్ డైవర్లు. ఆ తర్వాత ఇద్దరినీ ఒకే నిఘా డిపార్ట్‌మెంట్ ఏరుకుంది. హెల్మర్ అనే విదేశీయుడు నడిపే కంపెనీలో ప్రద్యుమ్న మారుపేరుతో డైవర్‌గా చేరాడు. ఆనకట్టల గేట్లను నీటి అడుగున తనిఖీ చేయడం పైకి చెప్పుకునే పని. లోపల జరిగేదేమిటో కనిపెట్టమని డిపార్ట్‌మెంట్ పంపింది. కనిపెట్టాడో లేదో చెప్పే నోరు ఇప్పుడు లేదు.

సిలిండర్‌లో గాలి అయిపోయింది, ఊపిరాడక పోయాడు, అంతే కేసు అన్నాడు అక్కడి ఎస్సై. ఇష్తియాక్‌కి అది మింగుడుపడలేదు. గాలి లెక్క తప్పే మనిషి కాదు ప్రద్యుమ్న. ఈ బురదనీళ్లలో గాలి మీటరు కళ్లకి ఆనించుకున్నా కనబడదు, నిజమే. అందుకేగా చీకట్లో వెలిగే గడియారం?

మణికట్టు నుంచి దాన్ని విప్పి, అద్దం చుట్టూ ఉండే పళ్ల రింగును బొటనవేలితో తిప్పాడు. బెజెల్ అంటారు దాన్ని. డైవర్ దూకేముందు దాని మీది చుక్కను నిమిషాల ముల్లుకి ఎదురుగా పెట్టుకుంటాడు. ముల్లు చుక్కని దాటి ఎంత దూరం పోయిందో చూస్తే, నీళ్లలో ఎంతసేపున్నాడో తెలిసిపోతుంది. అసలైన డైవింగ్ గడియారంలో ఆ రింగు ఎడమకి తప్ప తిరగదు. లోపల చిన్న స్ప్రింగ్ అడ్డుకుంటుంది. రాయికి తగిలి పొరపాటున కదిలినా, గడిచిన సమయం ఎక్కువే చూపిస్తుంది. డైవర్ తొందరపడి పైకి వస్తాడు తప్ప ఆలస్యం చేయడు.

ఈ రింగు ఎడమకి తిరిగింది. కుడికీ తిరిగింది, వెన్నలో వేలు పెట్టినట్టు.

స్ప్రింగ్ ఎవరో పీకేశారు. ఇంక రబ్బరు చేతిపట్టీ రాసుకున్నా చాలు, రింగు కుడికి జారి, గడిచిన సమయం తక్కువ చూపిస్తుంది. ఇంకా గాలి ఉందని నమ్ముతూనే మనిషి అడుగున ఉండిపోతాడు.

"నీళ్లు చంపలేదండీ ఇతన్ని," అన్నాడు ఇష్తియాక్ ఎస్సైతో.

గవర్నర్‌పేటలో పురుగుమందుల ఏజెన్సీ బోర్డు వెనక ఉంటుంది డిపార్ట్‌మెంట్ ఆఫీసు. చీఫ్ గోపాలకృష్ణ గడియారాన్ని చాలాసేపు తిప్పి చూసి టేబుల్ మీద పెట్టాడు. 2004 కృష్ణా పుష్కరాలకి వారం కూడా లేదనీ, బ్యారేజీ నిండా నీళ్లు నిలిపారనీ, దిగువ ఘాట్ల దగ్గర లక్షల మంది దిగుతారనీ ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. గేట్ల తనిఖీ కాంట్రాక్టు హెల్మర్ కంపెనీకే దక్కిందనీ, ఆ ముసుగులో వాడు ఏదో గేటుకి బాంబు పెట్టాడని కబురొచ్చిందనీ ఆఖర్న చెప్పాడు.

"పట్టి లోపలేస్తే?"

"సరుకు ఎక్కడ పెట్టాడో తెలియకుండా పడితే, పట్టుకున్నది వాణ్ణే అవుతుంది, బాంబుని కాదు. లోపల మనకి ఇంకో మనిషి ఉంది. కోడ్ పేరు పగడం. అసలు పేరు రూతు. పెద్ద పెద్దవాళ్లకి ఖరీదైన గడియారాలు అమ్ముతుంది. హెల్మర్ డైవర్లకి గడియారాలు తెచ్చిపెట్టేదీ ఆవిడే."

"మన మనిషేనా సర్?"

"మన మనిషే. వాళ్ల మనిషి కూడా. ఏ పూట ఎవరి మనిషో ఆవిడకే తెలియాలి."

మర్నాడు బందరు రోడ్డులోని ఓ పెద్ద హోటల్లో గడియారాల ఎగ్జిబిషన్. చల్లపల్లి వైపు రొయ్యల చెరువులున్న ఆసామి వేషంలో దిగాడు ఇష్తియాక్. తెల్ల సిల్కు చొక్కా, వేళ్లకి ఉంగరాలు, చంకలో తోలు సంచి, కుడి చేతిలో రెండు సెల్‌ఫోన్లు. బొత్తాల్లో ఒకటి మైక్రోఫోన్.

రూతు ముదురు ఎరుపు షిఫాన్ చీరలో గాజు బల్ల వెనక నిలబడి ఉంది. హాల్లో సగం మంది గడియారాలు చూస్తున్నారు, మిగతా సగం మంది ఆమెని చూస్తున్నారు. ఇష్తియాక్ ఒక గడియారం అంచులోని చిన్న రంధ్రం చూపించి కోడ్ మాట వేశాడు.

"ఈ హీలియం వాల్వ్ మన కృష్ణలో పనికొస్తుందాండీ?"

ఆమె రెప్ప వేయలేదు. "కృష్ణలోనే కాదండి, కృష్ణుడి ద్వారక మునిగిన చోట కూడా అక్కర్లేదు."

ఆపైన, చుట్టూ ఉన్నవాళ్లు వినేలా, అమ్మకం మొదలుపెట్టింది. సముద్రం లోతున రోజుల తరబడి పనిచేసే డైవర్లు హీలియం కలిసిన గాలి పీలుస్తూ పెద్ద ఒత్తిడి గదుల్లో ఉంటారట. హీలియం అణువు ఎంత సన్నమంటే, చుక్క నీరు దూరని గడియారంలోకి కూడా అది దూరిపోతుందట. పైకి వచ్చేటప్పుడు బయటి ఒత్తిడి తగ్గితే, లోపల ఇరుక్కున్న వాయువు అద్దాన్నే ఎగరగొట్టేదట. అందుకని అరవైల్లో ఈ వాల్వ్ కనిపెట్టారు. అంతకుముందు రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇటలీ నేవీ డైవర్లు అంకెల మీద రేడియం పూసిన గడియారాలు కట్టుకుని శత్రు ఓడల కిందికి ఈదారనీ, ఆ వెలుగే ఒంటికి విషమని లోకం తర్వాత తెలుసుకుందనీ చెప్పింది. 1960లో మహాసముద్రపు అట్టడుగుకి దిగిన జలాంతర నౌక బయటి గోడకి ఒక స్విస్ గడియారం కట్టి పంపితే, పైకి వచ్చాక కూడా అది నడుస్తూనే ఉందని చెబుతుంటే జనం నోళ్లు తెరిచారు.

జనం పలచబడ్డాక ఇష్తియాక్ జేబులోంచి ప్రద్యుమ్న గడియారం తీసి గాజు బల్ల మీద పెట్టాడు. రింగును కుడికి తిప్పాడు.

ఆమె ముఖంలో రంగు దిగిపోయింది.

"నేనే తీశానండి ఆ స్ప్రింగ్," అంది గొంతు తగ్గించి. "ఎగ్జిబిషన్‌లో చూపించడానికి ఒక పీస్ కావాలి, రెండు వైపులా తిరగాలి అన్నాడు హెల్మర్. అది ఎవరి చేతికి వెళ్తుందో నాకు తెలియదు."

"అడగొచ్చుగా."

"అడిగితే నా చేతికే కట్టేవాడు." గడియారాన్ని అతని వైపు జరిపింది. "అడగాల్సిందేనండి. కాదనను."

ఆమె మెడ చేత్తో నొక్కేయాలన్నంత కోపం వచ్చింది ఇష్తియాక్‌కి. ఆ చేతినే బల్ల కింద బిగించి పట్టుకుని, బాంబు ఎక్కడని అడిగాడు. బ్యారేజీకి ఎగువ వైపునట. ఏ గేటో హెల్మర్ ఎవరికీ చెప్పలేదు, ముహూర్తం రోజు తెల్లవారాక ఆఖరిసారి తనిఖీ పేరుతో వాడే స్వయంగా దిగి టైమర్ తగిలిస్తాడు. వాడు దిగిన చోటు తను చూసి చెబుతానంది. రేడియో తరంగాలు పసిగడతారని టైమర్‌గా మెకానికల్ గడియారమే వాడుతున్నాడనీ, దానికి తగిలించిన ఏ తీగ కోసినా పేలిపోతుందనీ కూడా చెప్పింది.

నమ్మాలా? నమ్మడం తప్ప వేరే దారి లేదు.

పుష్కరాల మొదటి రోజు. తెల్లవారేసరికే ఘాట్లన్నీ తలలతో నిండిపోయాయి. మైకుల్లో మంత్రాలు, తప్పిపోయిన పిల్లల పేర్లు. బ్యారేజీ పైన నిలబడి చూస్తే నీళ్లు కనబడటం లేదు, జనమే కనబడుతున్నారు. ఇష్తియాక్ అక్కణ్నుంచి గట్టు వైపు దిగాడు. ఒక్క గేటు లేచిపోతే చాలు, ఈ మంత్రాలు మధ్యలోనే ఆగిపోతాయి.

తనిఖీ పడవ ఒడ్డు చేరింది. హెల్మర్ తడి సూటు విప్పి, నవ్వుతూ పోలీసులకి చెయ్యి ఊపి కారెక్కాడు. వాడి వెనకే వస్తున్న రూతు, సీతానగరం వైపు గట్టు చాటున ఆగి, అక్కడ కాచుకున్న ఇష్తియాక్‌కి గేటు చూపించింది. బ్యాగులోంచి కొత్త గడియారం తీసి, సూటు మీదుగా అతని మణికట్టుకి కట్టింది.

"నమ్మకం లేకపోతే తిప్పి చూడండి."

అతను తిప్పి చూశాడు. ఎడమకి టకటకమంటూ తిరిగింది. కుడికి బిగుసుకుంది, గోడలా.

"వాడి దగ్గర తుపాకీ ఉంది, ఈ జనంలో పట్టుకోవద్దు. వాడితో హోటల్‌కి వెళ్తాను. బ్యారేజీ తెగడం టీవీలో చూడాలని కూర్చుంటాడు. గది దాటి రానివ్వను," అని ఆమె, హెల్మర్ ఎదురుచూస్తున్న కారు వైపు నడిచింది. వెనక్కి చూడలేదు.

నీళ్లలోకి దిగీ దిగగానే వెలుతురు మాయమైంది. ఒండ్రు. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. పైన మైకుల హోరు నీళ్లలోకి దిగేసరికి ఎవరో మూలిగినట్టుంది. మణికట్టు మీద ఆకుపచ్చ చుక్కలు మాత్రం వెలుగుతున్నాయి. రాతి స్తంభాన్ని చేతులతో తడుముకుంటూ దిగాడు. పాచి, తుప్పు, తెగిన వల ముక్కలు. ఒకచోట చేతికి నున్నటి ఇనుము తగిలింది. పెట్టె. దాని మీద బిగించిన గడియారపు అద్దం. అద్దం లోపల వెలుగుతున్న ఆకుపచ్చ డయల్.

ముఖం ఆనించి చూశాడు. డయల్ మీద నిలువుగా ఒక సన్నటి తీగ. నిమిషాల ముల్లు దాన్ని ముట్టుకోబోతోంది. రెంటి మధ్య వెంట్రుకంత నల్లటి చీలిక, అంతే.

తీగ కోయకూడదు. పెట్టె కదిలించకూడదు. మిగిలింది గడియారమే. మంచి మెకానికల్ గడియారాల్లో కీ పిడిని పూర్తిగా బయటికి లాగితే లోపలి చక్రం ఆగిపోతుంది. సైనికులంతా ఒకే క్షణానికి ముళ్లు కలుపుకునేందుకు చేసిన ఏర్పాటు అది. కానీ డైవింగ్ గడియారం పిడి మరమేకులా తిప్పి బిగించి ఉంటుంది. విప్పితే నీళ్లు దూరే దారి తెరిచినట్టే. నీళ్లు తీగకీ ముల్లుకీ మధ్య చేరితే ఏమవుతుందో హెల్మర్‌కే తెలియాలి.

చేతి తొడుగు లాగేసి, వట్టి వేళ్లతో పిడిని పట్టుకున్నాడు. పాచికి వేళ్లు జారాయి. మళ్లీ పట్టాడు. ఒక చుట్టు. ఇంకో చుట్టు. నలుపు చీలిక కనబడటం మానేసింది. అమ్మీజాన్ ముఖం గుర్తొచ్చింది, ఎందుకో ప్రద్యుమ్న నవ్వు గుర్తొచ్చింది.

పిడి లాగాడు.

సెకన్ల ముల్లు నిలబడిపోయింది.

పిడి పక్కనుంచి ఒక గాలి బుడగ జారి అతని ముక్కు ముందుగా పైకి పోయింది. అతను ఊపిరి బిగబట్టి పిడిని వెనక్కి తిప్పాడు. నిమిషాల ముల్లు తీగని వదిలి, వచ్చిన దారినే వెనక్కి నడిచింది. చాలా దూరం నడిపించాడు. పిడిని అలాగే బయటికి ఉంచి, నేవీ బాంబు స్క్వాడ్ డైవర్లు వచ్చి భుజం తట్టేదాకా వేళ్లు వదల్లేదు.

పైకి వచ్చి ఘాటు మెట్ల మీద కూలబడ్డాడు. మాస్క్ తీసి పక్కన పెట్టాడు. పంచె, నుదుట విభూతితో యాత్రికుడిలా ఉన్న గోపాలకృష్ణ వచ్చి పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. అనుకున్న సమయం దాటినా టీవీలో మంత్రాలే వినబడుతుంటే హెల్మర్‌కి అర్థమైపోయిందట. రూతు గది తాళం వేసి తాళంచెవి కిటికీలోంచి కిందికి విసిరేసిందట. మనవాళ్లు తలుపు పగలగొట్టేలోగా వాడు ఒకసారి కాల్చాడు. రూతు భుజంలో తగిలింది. బతుకుతుంది. వాడు దొరికాడు.

"ఆవిడ మీద కేసు పెట్టాలంటావా?" అన్నాడు చీఫ్.

ఇష్తియాక్ నీళ్ల వైపు చూశాడు. "పెట్టాలి సర్. ప్రద్యుమ్న వాళ్లమ్మగారికి ఏదో ఒకటి చెప్పాలి కదా. ఇవాళ ఏం చేసిందో కూడా అందులోనే రాయండి. సాక్షిగా నేనొస్తాను."

చీఫ్ తలూపి జనంలో కలిసిపోయాడు. పై మెట్టు మీద తడి చీర పిండుకుంటున్న ఓ ముసలావిడ ఇష్తియాక్‌ని, ఒంటికి అతుక్కున్న ఆ నల్ల రబ్బరు సూటుని ఎగాదిగా చూసింది. జాలేసినట్టుంది.

"అంత మందం తొడుక్కుని మునిగితే పుణ్యం ఒంటికెట్లా అంటుద్ది నాయనా? అది విప్పేసి మళ్లీ మునిగి రా," అంది.