పంచదార జాడీ

నా రాతలో ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే సర్దుకుని చదువుకోండి. అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, చెయ్యి నెమ్మది. ఈ ఒక్క కథకే ఎండాకాలమంతా పట్టింది.

మ్యూజియంలో కుమ్మరి కుర్రాడి చెవిన పడిన మొదటి మాట, "చెయ్యి తీయండి."

తీశాడు. ఎదురుగా మెడలో గుర్తింపు కార్డు, ముక్కు మీద కోపం ఉన్న అమ్మాయి.

"అది మూడు వేల ఏళ్ల కుండ."

"అందుకే మెల్లిగా పట్టుకున్నానండీ."

"అసలు పట్టుకోకూడదు."

"పట్టుకోకుండా నకలు ఎలా చెయ్యను? మీ ఆఫీసరుగారు పిలిపించిన కుమ్మరిని నేనే."

అమ్మాయి కోపం ముక్కు మీంచి దిగి బుగ్గల్లోకి పోయింది.

దేశదేశాల కుండలతో ఎగ్జిబిషన్ పెడుతున్నారు. అసలువి అద్దాల వెనక ఉంటాయి. పిల్లలు ముట్టుకుని చూడటానికి నకళ్లు బల్ల మీద పెడతారు. కుర్రాడు రోజూ వచ్చి కొలతలు తీసుకునేవాడు. అమ్మాయి పక్కన నిలబడి ఏది దేనికో చెప్పేది.

"ఈ జాడీకి అడుగు మొనదేలి ఉందే. నిలబడదు కదా?"

"నిలబడక్కర్లేదు. ఓడల్లో ఒకదానికొకటి ఆనుకుని నూనె మోసేవి."

"అదృష్టం."

"ఎవరికి?"

"ఆనుకున్నవాటికి."

అమ్మాయి కింద పడని పెన్సిలు కోసం వంగి చాలాసేపు వెతికింది.

ఓ సాయంత్రం వాన పట్టుకుంది. ఇద్దరూ మ్యూజియం వసారాలో ఇరుక్కుపోయారు. వాన వెలిసినా ఎవరూ కదల్లేదు.

"మా ఇంట్లో మాట మా నాయనమ్మది," అంది అమ్మాయి, చూరు నీళ్లకేసి చూస్తూ. "ఇంతకు ముందొకాయన పెళ్లిచూపులకొచ్చి, ఆవిడ కలిపిన టీలో పంచదార ఎక్కువైందన్నాడు. కప్పు ఖాళీ కాకముందే సంబంధం తప్పిపోయింది."

"నేను ఎంత తీపైనా తాగుతాను."

"అయితే ఆదివారం రండి."

ఉత్త చేతులతో ఎలా వెళ్తాడు? కొలిచిన జాడీల్లో ఒకటి అతనికి తెగ నచ్చింది. గుండ్రటి పొట్ట, మూత మీద చిన్న పక్షి. అమ్మాయి సెలవు పెట్టిన రోజు వచ్చిన పెట్టెలోది కాబట్టి అది దేనికో ఎవరూ చెప్పలేదు. మంచి మట్టి ఏరి అలాంటిదే ఇంకోటి చేసి కాల్చాడు.

నాయనమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని మురిసిపోయింది. "ఎంత ముద్దుగా ఉందో. దేనికి బాబూ ఇది?"

"మీకు ఇష్టమైంది దాచుకోండమ్మా. ఎన్నేళ్లయినా చెక్కుచెదరదు."

టీ తెస్తున్న అమ్మాయి జాడీని చూసి గుమ్మంలోనే ఆగింది. "పంచదారకి నాయనమ్మా," అంది గబగబా. ఆవిడ అప్పటికప్పుడే డబ్బా తెచ్చి అందులోకి ఒంపేసింది.

గేటు దగ్గర అమ్మాయి పళ్లు నూరింది. "మీరు తెచ్చిందేంటో తెలుసా? చనిపోయినవాళ్ల బూడిద దాచే జాడీ."

కుర్రాడు వెనక్కి తిరిగి ఇంటికేసి చూశాడు. "నేను పక్షిని చూసి..."

"పక్షిని చూసి ఎనభై ఏళ్ల మనిషికి ఇస్తారా?"

మర్నాడే ఇంకో జాడీ పట్టుకుని వెళ్లాడు. "దాని మూత వదులుగా ఉందమ్మా, మార్చి ఇస్తాను."

"వదులుగా ఉంటేనే నా చేతికి వస్తుంది. నువ్వు కూర్చో, టీ కలుపుతాను."

పాకంలాంటి టీ తాగి తిరిగొచ్చాడు.

ఎగ్జిబిషన్ మొదలైన రోజు నాయనమ్మ పొద్దున్నే వచ్చింది. స్కూలు పిల్లల్ని తోసుకుంటూ నడిచి ఓ అద్దం ముందు ఆగిపోయింది.

"ఇదేంటే, మన పంచదార జాడీ ఇక్కడుంది? వీళ్లు ఇందులో ఏం పోసుకునేవాళ్లు?"

అమ్మాయి పక్కన ఆఫీసరుగారున్నారు. అబద్ధం చెప్పడానికి లేదు. నిజం చెబితే పెళ్లి లేదు.

కుర్రాడే ముందుకొచ్చాడు. "బూడిదమ్మా. పోయినవాళ్ల బూడిద. తెలియక తెచ్చాను. నన్ను కాపాడాలని మీ మనవరాలు పంచదారకని చెప్పింది. తప్పు నాది. కానీ ఆ అమ్మాయంటే ఇష్టమన్నది మాత్రం తెలిసే చెబుతున్నాను."

నాయనమ్మ జాడీని పైనుంచి కిందకి చూసింది. తర్వాత కుర్రాణ్ణి అలాగే చూసింది.

"నేను పడతానా ఇందులో?"

"పడతారమ్మా," అన్నాడు కుర్రాడు, కొలతలు గుర్తొచ్చి. "ఇంకా జాగా మిగులుతుంది."

అమ్మాయి రెండు చేతులతో మొహం కప్పుకుంది. నాయనమ్మ నవ్వీ నవ్వీ నిలబడలేక, ఆఫీసరుగారి కుర్చీ లాక్కుని కూలబడింది.

"ముందు మీరు పెళ్లి చేసుకోండి," అంది కళ్లు తుడుచుకుంటూ. "నాకేం తొందర్లేదు. జాడీ నిండా పంచదారుంది."

వాళ్ల పెళ్లయి చాలా కాలమైంది. ఇప్పటికీ కుర్రాడు ఆ జాడీని సగానికి తగ్గనివ్వడు. వారం వారం వెళ్లి నింపి వస్తాడు.

ఇట్లు,
కుట్టుమిషను పిన్ని, అరవై తొమ్మిదేళ్లు. ఉండేది కుండల షెడ్డు మీద గదిలో.