కమ్రోన్ పడవను కాల్చిందెవరు?

"మా ఆయన ఆ పడవ జోలికే పోలేదమ్మా! రేపు కోర్టుకు తీసుకెళ్తారట. జైల్లో పెట్టేస్తే నేనేమైపోవాలి?"

బర్మా నుంచి వలసొచ్చి రొయ్యలు వలిచే మీ చాన్ అనే ఆమె డిటెక్టివ్ రంపై గుమ్మంలోనే కూలబడింది. ఆదివారం రాత్రి కమ్రోన్ పడవ తగలబడింది. తెల్లారేసరికి, పగతో కాల్చాడంటూ ఆమె భర్త నాయ్ సోన్‌ను పోలీసులు పట్టుకుపోయారు.

మా రేవులో చేపలు కరువయ్యాయి, ఐసు ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, కమ్రోన్ నోరు మాత్రం తెరుచుకుంది. "బర్మావాళ్ళు మన కూడు లాక్కున్నారు" అన్న ఒక్క ముక్కతో కౌన్సిలరయ్యాడు. ఇప్పుడు మేయరు పదవికి నిలబడ్డాడు.

రంపై, అసిస్టెంట్ తవిన్ రేవుకు వెళ్ళారు. పడవ వెనక సగం బొగ్గయింది. ముందుకొన చెక్కుచెదరలేదు. కానీ పడవను కాచే దేవత యానాంగ్ తల్లికి అక్కడ కట్టే రంగు గుడ్డలు లేవు.

"కాలిపోయుంటాయి మేడం."

"చెక్కకు మసి కూడా అంటలేదు కదయ్యా!"

అక్కణ్ణుంచి కమ్రోన్ ఇంటికి వెళ్ళారు. పూజ అరమీద ఉప్పునీళ్ళకు బిరుసెక్కిన రంగు గుడ్డలు, తాజా మల్లెలు ఉన్నాయి.

"ఇవెవరు తెచ్చారు పెద్దమ్మా?"

"మా అబ్బాయే. ఆదివారం మధ్యాహ్నం తెచ్చి, యానాంగ్ తల్లి జాగ్రత్త అన్నాడు," అంది కమ్రోన్ ముసలి తల్లి.

సాయంత్రం రంపై చేపల వేలం షెడ్డులో అందరినీ పోగుచేసింది. ఇన్‌స్పెక్టరు నాయ్ సోన్‌ను బేడీలతోనే తెచ్చాడు.

"పగతో కాల్చేవాడు తల్లి గుడ్డలతో సహా కాలుస్తాడు. యానాంగ్‌ను కాలిస్తే సముద్రం మింగేస్తుందని భయపడ్డవాడు, మంటకు ముందే ఆమెను తన ఇంటికి చేర్చుకున్నాడు."

"నేను కాదు!" కమ్రోన్ అరిచాడు.

"పేరు చెప్పకముందే భుజాలు తడుముకుంటావేం అన్నా? గుడ్డలు మీ ఇంట్లోనే ఉన్నాయి."

ముసలామె లేచింది. కొడుకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"గుడ్డపేలికల మీదున్న జాలి బేడీల్లో ఉన్న ఆ బిడ్డ మీద లేకపోయిందా నీకు?"

కమ్రోన్ తల్లివైపు చూడలేదు, జనంవైపు తిరిగాడు. "అవును, నేనే! నా పడవ, నేనే కాల్చుకున్నా! మీరు మేలుకుంటారని! నేను చెప్పినదాంట్లో అబద్ధముందా, చెప్పండి!"

ఛీ, ఏం మనుషులం! వెనకెవరో చప్పట్లు కొట్టారు. తర్వాత షెడ్డంతా కొట్టింది.

ఇన్‌స్పెక్టరు నాయ్ సోన్ బేడీలు విప్పాడు. మీ చాన్ భర్త చెయ్యి గట్టిగా పట్టుకుని జనాన్ని చూసింది.

"అమ్మా, వీళ్ళ మధ్యలోంచి మేం ఇంటికెలా పోవాలి?"

రంపై ఒక పక్క, తవిన్ ఇంకో పక్క నిలబడి, ఆ ఇద్దరినీ నడిపించుకుంటూ జనంలోకి వెళ్ళారు. ఎవరూ దారి ఇవ్వలేదు.