పసుపు రంగు చివర

2018 జూలై 13, శుక్రవారం, ఉదయం పదకొండు గంటల పన్నెండు నిమిషాలు. అరకు స్టేషన్‌లో సన్నని జల్లు పడుతోంది, గాలి లేదు, ఎదుటి కొండ సగం వరకే కనిపిస్తోంది. కిరండూల్ రైలు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆ ఇరవై నిమిషాల్లో సత్యకుమారి కోపం చల్లారకపోగా మరింత పెరిగింది.

రైలు దిగిన జగదీష్, ఫోటోలో చూసిన ముఖాన్ని గుర్తుపట్టి నవ్వాడు. ఆమె నవ్వలేదు. సంచిలోంచి ఒక ఉలి తీసి అతని చేతిలో పెట్టింది. దాని అంచు ఎండుటాకులా ముడుచుకుపోయి ఉంది.

“ఇదేటండీ? స్టీలా, బెల్లమా?”

సరదాకి చెక్కపని చేసేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో వీరికి పరిచయం. అక్కడ ఎవరి దగ్గర మిగిలింది వాళ్ళు ఇచ్చి, తమ దగ్గర లేనిది పుచ్చుకుంటారు. గాజువాకలో మెషిన్ షాపు ఉద్యోగి జగదీష్ దగ్గర పనిముట్లకు పనికొచ్చే గట్టి ఉక్కు కడ్డీలు మిగిలేవి. అరకు దగ్గర బడిలో లెక్కలు చెప్పే సత్యకుమారి దగ్గర ఎండిన పనస చెక్క ఉండేది. జానెడు ఉక్కుకు మూరెడు పనస అని బేరం కుదిరింది. ఆ సందేశాలు నాలుగు నెలల్లో ఉక్కును దాటి వాన దాకా, తిన్నావా లేదా అనే దాకా వచ్చాయి. కనుకనే అతడు పార్సిల్‌లో రావలసిన చెక్క కోసం స్వయంగా రైలెక్కాడు.

“అలా అవదండీ. అదే కడ్డీతో నేనూ ఉలి చేసుకున్నాను, అద్భుతంగా ఉంది. మీవాళ్ళు కాల్చడంలోనే ఏదో మిస్టేక్ జరిగుంటుంది.”

“మావాళ్ళంటే మా తాత!”

సత్యకుమారి తాత భీముడు కమ్మరి. ఇనుమును ఏ ఎరుపు దగ్గర కొలిమిలోంచి తీయాలో యాభై ఏళ్ళుగా కంటితోనే తేల్చిన మనిషి. మనవరాలి ఉలిని మూడుసార్లు కాల్చి మూడుసార్లు నూనెలో ముంచాడు. మూడుసార్లూ అది మెత్తగానే మిగిలింది.

“తన కళ్ళు పోనాయనుకుంటన్నాడండీ. మూడు వారాలయింది కొలిమి ఎలిగించి. సంతకి కూడా రాటం లేదు. సుత్తి, పట్టకారు ఎవరికైనా ఇచ్చెయ్యమంటన్నాడు.” ఆమె ఆ ఉలి వైపు వేలు చూపింది. “కడ్డీ చివర పూసిన రంగును బట్టే స్టీలు రకం తెలుస్తాదని మీరే చెప్పారు కదా. నాకు ముక్క కోసినప్పుడు ఆ కడ్డీకి రంగుందా?”

జగదీష్ ఉలిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“కనీసం టీ అయినా ఇవ్వరా?” అన్నాడు చివరికి.

“కాఫీ తోటలోళ్ళం. టీ ఇవ్వం,” అని ఆమె వెళ్ళిపోయింది. చెక్క కూడా ఇవ్వలేదు.

తిరుగు రైల్లో అతడు కూర్చోలేకపోయాడు. ప్రతి సొరంగం చీకట్లోనూ ఆ ముడుచుకున్న అంచే కనిపించింది. మర్నాడు షాపులో మిగిలిన రెండు కడ్డీలనూ గ్రైండర్‌కు ఆనించాడు. ఒకదాని రవ్వలు పువ్వుల్లా చిట్లాయి, అది గట్టి ఉక్కు. రెండోదాని రవ్వలు గీతల్లా పోయాయి, అది మామూలు ఇనుము. ఆమెకు పంపిన ముక్క రెండోదానిలోనిది.

కారణం చిన్నది. కడ్డీని ఎప్పుడూ రంగు లేని వైపు నుంచే కోయాలి. తన ఉలి తొందరలో జగదీష్ పసుపు రంగున్న చివరే కోసేసుకున్నాడు. మిగతా ఉక్కు ఆనవాలు పోగొట్టుకుని, పక్కనున్న మామూలు ఇనుములో కలిసిపోయింది.

ఆ తప్పును అతడు గ్రూపులో అందరూ చూసేలా రాశాడు. సత్యకుమారి చదివినట్టు నీలం గుర్తులు వచ్చాయి, జవాబు రాలేదు. ఆరు రోజులపాటు ఫోన్ తీయడం, పెట్టడం తప్ప అతనికి మరో పని తోచలేదు.

ఏడో రోజున అతడు భీముడి వాకిట్లో తడుస్తూ నిలబడ్డాడు.

“తప్పు నాది తాతా. మీ కళ్ళది కాదు.”

“నన్ను ఓదార్సడానికి సెప్తన్నావా బాబూ?” అన్నాడు భీముడు, లేవకుండానే.

సత్యకుమారి జగదీష్ వెంట తెచ్చిన ఉక్కు ముక్క, ఇనుప ముక్క రెండూ లాక్కుంది. కొంగు చాటున తారుమారు చేసి తాత ముందు పెట్టింది. “ఏది ఏదో నేను సెప్పను. నువ్వే సెప్పు. బేగి లే తాతా!”

కొలిమి వెలిగింది. ముసలాయన ఎరుపును చూస్తున్నాడు. జగదీష్ ముసలాయనను చూస్తున్నాడు. సత్యకుమారి మొదటిసారి జగదీష్‌ను తిన్నగా చూసింది. రెండు ముక్కలూ నూనెలో బుసకొట్టాయి. భీముడు ఆకురాయి ఆడించాడు. ఒక ముక్కను అది కొరికింది. రెండోదాని మీద గాజు మీదలా జారిపోయింది.

“ఇదీ ఉక్కంటే,” అన్నాడు. మరోసారి జార్చి చూసుకున్నాడు. ఆ తర్వాత మొహం పక్కకు తిప్పుకున్నాడు.

చూరు నీళ్ళ కింద తడుస్తూనే జగదీష్ సత్యకుమారి వైపు తిరిగాడు. “నిజానికి నేను చెక్క కోసం రాలేదండీ.”

“తెలుసు. పోయిన వారం చెక్క అడగటమే మర్చిపోయారు.”

“మరి జవాబెందుకు ఇవ్వలేదు?”

“ఇస్తే మీరు ఫోన్లోనే ఆగిపోతారు.”

లోపలి నుంచి భీముడి గొంతు వినిపించింది. “ఓ గుంటా! ఈ గుంటడు రైలెక్కి ఏటి ఒట్టుకొస్తన్నాడే?”

“ఇనుము, తాతా!”

“ఇనుము పార్సిల్లో వస్తాది. మనిసికే రైలు కావాల. తడుస్తన్నాడు, లోపలికి రమ్మను. కాఫీ ఇయ్యి.”

2020 ఫిబ్రవరిలో వారి పెళ్ళి అయింది. భీముడు ఆ తర్వాత మరో నాలుగేళ్ళు శుక్రవారం సంతలో కత్తులకు పదును పెట్టాడు.