టార్పాలిన్ కింద లోడు

"ఆపరేషన్ చక్రకేళి. వ్యానుకి ట్రాకర్ అంటించు, వదిలెయ్. ఆపొద్దు. చెన్నైలో ఉన్న బాస్ మనకి కావాలి." ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు ఆగిపోయింది.

ఏజెంట్ లోకనాథ్ తలపాగా సర్దుకున్నాడు. రావులపాలెం మార్కెట్లో మూడు నెలలుగా అతను అరటికాయల వ్యాపారి.

ఎదురుగా నల్లకళ్ళద్దాల్లో నాగదుర్గ. విదేశీ ముఠాకి ఏజెంటు, లోపాయికారీగా డిపార్ట్‌మెంటు మనిషి. కంప్యూటర్ ఉద్యోగాలని చెప్పి కుర్రాళ్ళని సరిహద్దు అవతలి సైబర్ మోసాల క్యాంపుకి తోలడం ముఠా పని. ఆమె కూడా ఆ క్యాంపు నుంచి బతికొచ్చినదే. తమ్ముడు గణేష్‌బాబు ఇంకా అక్కడే ఉన్నాడు.

వ్యాను సాయంత్రం కొవ్వూరు వంతెన మీదికి వస్తుందని చెప్పిందామె.

అప్పుడే మార్కెట్లోంచి ఓ వ్యాను కదిలింది. వెనక అరటిగెలలు, పైన బిగించి కట్టిన ప్లాస్టిక్ టార్పాలిన్. మిట్టమధ్యాహ్నం.

లోకనాథ్ చూపు అక్కడే ఆగింది. ఎండలో ప్లాస్టిక్ కప్పితే కాయ ఉడికిపోతుంది. ఇక్కడెవరైనా ఎండుటాకే కప్పుతారు.

"అదేనా?"

నాగదుర్గ కళ్ళద్దాలు తీసింది.

"ఏడుగురున్నారండి. మోసమని తెలిసి ఎదురు తిరిగితే మత్తిచ్చి ఎక్కించారు. ట్రాకర్ లేకుండా లోడు చేరితే మా తమ్ముణ్ణి వదులుతారు, అందుకే కొవ్వూరని అబద్ధం చెప్పాను. మీ ఆఫీసు కూడా వదిలెయ్యమనే కదా అంది?"

"నువ్వు పడిందే వాళ్ళూ పడాలా?"

"అక్కడ నన్ను టీమ్ లీడర్ని చేశారండి. వారానికి ఇద్దర్ని చూపించమనేవారు, కొట్టడానికి. చూపించకపోతే గది మొత్తాన్ని కొట్టేవారు. చూపించాను. మీరైతే ఏం చేసేవారు?"

ఏ వైపు నుంచి కూడినా లెక్క తప్పుతోంది. చిరాగ్గా ఇయర్‌పీస్ పీకి జేబులో వేసుకుని బైక్ ఎక్కాడు.

చెన్నై దారిలో సిద్ధాంతం వంతెన మీద వ్యానుకి అడ్డంగా బైక్ పడేశాడు. అడుగు దూరంలో బ్రేకు పడింది. టార్పాలిన్ కోసి గెలలు లాగేస్తే లోపల ఏడుగురూ ఊపిరాడక కొట్టుకుంటున్నారు. ఇంకాసేపైతే ఒక్కరూ మిగిలేవారు కాదు. ఈలోగా డ్రైవర్ ఫోన్లో మెసేజ్ కొట్టేశాడు. చెన్నై బాస్ మాయం.

వెనకే కారులో వచ్చిన నాగదుర్గ తమ్ముడి నంబరుకి మళ్ళీమళ్ళీ చేసింది. స్విచాఫ్.

"ఈ ఏడుగుర్నీ మీరు ఎంచుకున్నారు," అంది నెమ్మదిగా. "మావాణ్ణి చూపించిందీ మీరే. ఇక మీరూ నేనూ ఒకటేనండి."

లోకనాథ్ మళ్ళీ ఇయర్‌పీస్ పెట్టుకున్నాడు. చీఫ్ మండిపడుతున్నాడు.

"బాస్ తప్పించుకున్నాడు! రిపోర్టులో ఇంకేం నష్టం రాయను?"

"అరటికాయలు ఉడికిపోయాయని రాయండి సార్. మిగతాదానికి మీ దగ్గర కాలమ్ లేదు."