మోచేయి చెప్పిన నిజం

పొద్దున్నే కాఫీ గ్లాసు ముందేసుకుని పరుపులాయన భార్యతో అన్నాడు.

"ఆ షోరూము దొరసాని స్నానం ముగించిందేమో కనుక్కో. నేను కొట్టు తెరవాలి."

దొరసాని ఆయన చెయ్యి చాపితే అందేంత దూరంలో తల దువ్వుకుంటోంది. ఆయన కన్న ఒక్కగానొక్క కూతురే. చిన్నప్పుడు కొట్లో దూదికుప్పల మీద దొర్లుతూ, ఒళ్ళంతా తెల్లగా చేసుకుని తిరిగేదని ఆయనే ముద్దుగా 'పింజ' అని పిలిచేవాడు. ఇప్పుడా పేరు ఆయన నోటికి రావడం మానేసింది.

"ఎప్పుడో ముగించానని చెప్పమ్మా," అంది పింజ.

"ముగించిందిట," అంది తల్లి. "ఇద్దరికీ చెవులు శుభ్రంగానే ఉన్నాయి. మధ్యలో నా నోరే అరిగిపోతోంది."

పరుపులాయన కోపానికి కారణం తెలియాలంటే ఆ వీధి సంగతి చెప్పుకోవాలి. పిండిమర ఉన్నచోట కాఫీ షాపు వచ్చింది. ఇనుప సామాన్ల కొట్టు మీద జిమ్ము వెలిసింది. డబ్బిచ్చి మరీ బరువులెత్తేవాళ్ళని చూసి, కింద మూటలు మోసే కూలీలు నోళ్ళు వెళ్ళబెట్టారు. ఆ తర్వాత కుక్కలకు క్షవరం చేసే దుకాణం కూడా తెరిచారు. వీటిలో దేనితోనూ పరుపులాయనకు పేచీ లేదు. కుక్కల దుకాణం ముందు పనిగట్టుకుని నిలబడి నవ్వుకుని వచ్చాడు కూడా.

చిక్కల్లా వీధి మలుపులో వచ్చిన పరుపుల షోరూముతోనే. మొదట అదొక ఇరుకు గది. చూస్తుండగానే పక్క కొట్లు కూడా కలుపుకుని అద్దాల గోడలు కట్టేసింది. "ఏకై వచ్చి మేకై కూర్చుంది," అన్నాడు పరుపులాయన. రోజూ దూది ఏకే మనిషి నోట ఆ సామెత విని వీధంతా నవ్వింది, ఆయన తప్ప. ఆయనకు నవ్వెలా వస్తుంది? తండ్రి నాటి నుంచి ఆ వీధిలో పాత పరుపు విప్పి, దూది ఏకి, ఎండబెట్టి, మళ్ళీ కుట్టి ఇచ్చేది మూలనున్న ఆయన కొట్టొక్కటే. షోరూము వచ్చాక కొట్లో ఈగలు తోలుకోవడమే మిగిలింది. ఏకే మిషను ఎవరికైనా అమ్మేసి ఇంట్లో కూర్చుందామన్నంత వరకూ వెళ్ళాడు.

సరిగ్గా అప్పుడే పింజ ఆ షోరూములో ఉద్యోగానికి చేరింది. పుండు మీద కారం చల్లినట్టయింది ఆయనకు.

"నా దూదిలో పెరిగి వాళ్ళ స్పాంజి అమ్ముతావా?" అన్నాడు ఆ రోజు. కూతురితో నేరుగా ఆయన అన్న ఆఖరి మాట అదే.

కొట్టు వెనక ఉన్నది ఒక్కటే గది. ముగ్గురి పక్కలూ అందులోనే. అంతకుముందు రాత్రిళ్ళు ఆయన కూతురి వైపు తిరిగి పడుకుని వీధి కబుర్లన్నీ చెప్పేవాడు. చెబుతూ చెబుతూనే గురక పెట్టేవాడు. ఆ రోజు నుంచి మాత్రం గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు.

అయితే చిత్రంగా, కొన్నాళ్ళకు పాత పరుపులు మళ్ళీ కొట్టుకు రావడం మొదలైంది. ఒకరి తర్వాత ఒకరు మోయించుకుని వచ్చి, "దూది ఏకి కుట్టివ్వండి," అనేవాళ్ళు. పరుపులాయన ఛాతీ విప్పారింది. దబ్బనం పట్టిన చేతికి మళ్ళీ వేగం వచ్చింది. రాత్రి భోజనాల దగ్గర భార్యకు చెబుతున్నట్టు కూతురికి వినిపించేవాడు.

"ఇవాళ ఇంకోటొచ్చిందే. జనానికి బుద్ధొస్తోంది. స్పాంజి మోజు తీరిపోయింది."

పింజ కంచంలోకి తల వంచేది. సిగ్గుపడుతోందనుకుని ఆయన ఇంకో ముద్ద ఎక్కువ తినేవాడు.

ఆ పొద్దున పింజ పనికి వెళ్ళాక, వీధికి కొత్తయిన కాఫీ షాపు ఆవిడ వచ్చింది. వెనకే ఇద్దరు మనుషులు పాత పరుపు మోసుకొచ్చారు. వాళ్ళమ్మగారిదట. పరుపులాయన అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని పరుపు మీద మోచేయి ఆనించి నొక్కాడు. ఎవరి పరుపైనా ఆయన చూసే పద్ధతి అదే. "అరచేయి ఇచ్చకాలు చెబుతుంది, మోచేయి నిజం చెబుతుంది," అనేవాడు.

ఆవిడ ఫక్కున నవ్వింది. "అచ్చం ఆ అమ్మాయిలాగే చూస్తున్నారే."

"ఏ అమ్మాయి?"

"షోరూములో ఉంటుంది కదండీ. కొత్తది కొందామని వెళ్ళాను. ఇంటికొచ్చి పాతది చూస్తానంది. మీలాగే మోచెయ్యి పెట్టి నొక్కి, దూది బతికే ఉంది, కొత్తది దండగ, మూల కొట్టుకు పంపండి అంది. తన సంగతి మాత్రం చెప్పొద్దంది. ఏదో, నోరు జారాను."

పరుపులాయన కళ్ళు తెరిచాడు. మోచేయి అలాగే పరుపు మీద ఉండిపోయింది. ఇన్నాళ్ళూ వచ్చిన పరుపులన్నీ ఒక్కొక్కటే కళ్ళ ముందు మెదిలాయి. అవి తన పేరు విని వచ్చినవి కావు. రాత్రి కంచం ముందు కొట్టిన గొప్పలన్నీ గుర్తొచ్చి ముఖం చిన్నబోయింది. రేపు చూస్తానని ఆవిడకు చెప్పి పంపించి, సగం షట్టర్ దించి లోపలికి వెళ్ళాడు.

"నీకు తెలుసా?" అని భార్యను అడిగాడు.

తెలుసంది ఆవిడ. తెలిస్తే మీరేం చేస్తారో కూడా తెలుసు, అందుకే చెప్పలేదంది. కొట్టయినా మూసేస్తాను గానీ కూతురు వేసే ముష్టితో బతకనని, ఈ పూటే దాన్ని ఆ ఉద్యోగం మాన్పించేస్తానని చెప్పులేసుకున్నాడు. ఆవిడ అడ్డుపడలేదు. "వెళ్ళండి. ఆ వంకనైనా దాంతో మాట్లాడతారు," అంది.

షోరూము గడప ఆయన తొక్కడం అదే మొదలు. లోపల చల్లగా, సబ్బు వాసనగా ఉంది. తండ్రిని చూసి పింజ దగ్గరికొచ్చింది. చుట్టూ మనుషులుండటంతో ఆయన గొంతు తగ్గించాడు గానీ వేడి తగ్గలేదు.

"నిన్నెవరడిగారు? నా కొట్టుకు బేరాలు పంపి నన్ను సాకుతున్నావా? ఇవాళే ఇది మానేసి ఇంటికి రా."

ఇన్నాళ్ళకు నేరుగా విన్న తండ్రి మాటకు పింజ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా మాట తడబడలేదు.

"సాకడానికి కాదు నాన్నా. చేరిన కొత్తలో ఒకావిడ బంగారంలాంటి దూది పరుపు పారేసి మా పరుపు కొంటానంది. మోచెయ్యి పెట్టి చూశాక అబద్ధం చెప్పలేకపోయాను. చెప్పి అమ్మేస్తే, రాత్రి వచ్చి నీ పక్కన ఎలా పడుకోను? దూది బాగుంటే నీ దగ్గరికి పంపుతాను. చచ్చిపోతే మాది అమ్ముతాను. నీ మీద జాలితో ఒక్కటీ పంపలేదు."

"ఇదంతా నీకు నేనెప్పుడు నేర్పాను?"

"నువ్వు నేర్పలేదు. నేను చూశాను."

ఇంతలో అవతల ముసలి దంపతులు పిలిచారు. "అమ్మాయ్, నీ మోచెయ్యి పెట్టి చెప్పు, ఇది మాకు పనికొస్తుందా?" పింజ కళ్ళు తుడుచుకుని వెళ్ళింది. పరుపు మీద వంగి కళ్ళు మూసుకుంది. భుజం వంచడం, తల ఓ పక్కకు వాల్చడం, పెదవి బిగించడం, అన్నీ తనవే. పరుపులాయన ఎప్పుడూ తనను తాను బయట నుంచి చూసుకోలేదు. ఇప్పుడు చూశాడు.

ఆయనెవరో బేరానికొచ్చాడనుకుని మేనేజరు దగ్గరికొచ్చాడు. ఆ అమ్మాయి చెబితే గానీ ఎవరూ కొనడం లేదండీ అన్నాడు. మొదట్లో బేరాలు వెనక్కి పంపుతోందని తానూ కేకలేశాడట. తీరా చూస్తే వెనక్కి వెళ్ళినవాళ్ళే చుట్టాల్ని వెంటబెట్టుకుని వస్తున్నారట.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంటే, మూల కొట్లో మా నాన్న దగ్గర అంటుంది. ఇక్కడ కొనేవాళ్ళు అడిగినా అదే చెబుతుంది. ఆయన్ని ఒకసారి చూడాలండీ."

పరుపులాయన మళ్ళీ పింజ వైపు చూశాడు. తన పేరు విని ఎవరూ రాలేదనుకున్నాడు. ఆ పేరును ఈ అద్దాల గోడల మధ్య ఇన్నాళ్ళుగా నిలబెట్టింది తన బిడ్డేనని తెలిసి పక్కనున్న మంచం మీద కూలబడ్డాడు. కూర్చున్నాక చెయ్యి ఊరుకోక మోచేత్తో పరుపు నొక్కి చూశాడు. ఒప్పుకోవడం కష్టంగానే ఉంది గానీ, తీసిపారేసే సరుకేం కాదు.

దంపతుల్ని సాగనంపి పింజ వచ్చింది. తండ్రి ముఖం చూసి, కోపం పోయిందని పోల్చుకుంది. కొనడానికొచ్చినవాళ్ళందరినీ అడిగే మాటే, అడిగే తీరులోనే అడిగింది.

"తమరు ఏ పక్కకు తిరిగి పడుకుంటారండీ?"

ఆయన మెడ తడుముకున్నాడు.

"ఇన్నాళ్ళూ గోడ వైపే పడుకున్నాను పింజా. మెడ పట్టేసింది."

పింజ ఏడుస్తూనే నవ్వింది. మేనేజరు ఏమీ అర్థంకాక ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత అర్థమై, నీళ్ళ గ్లాసు తెచ్చే నెపంతో లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పరుపులాయన షట్టర్ పూర్తిగా ఎత్తి, కాఫీ షాపు ఆవిడ పరుపు విప్పి కూర్చున్నాడు. ఎండలో దూది పొంగుతుండగా ఒక పెద్దమనిషి ఇంకో పరుపు మోయించుకుని వచ్చాడు. దించీ దించగానే చెప్పాలా వద్దా అన్నట్టు నసిగాడు.

"మలుపులో షోరూములో ఒక అమ్మాయి ఉందండీ..."

"ఒక అమ్మాయేమిటండీ, మా అమ్మాయి," అన్నాడు పరుపులాయన. దబ్బనం పక్కన పెట్టి, ఆయన కూర్చోవడానికి స్టూలు జరిపాడు. "కూర్చోండి. ఆ అమ్మాయి ఏమందో మొదట్నుంచీ చెప్పండి."