గొంతుమెరుగు

గాజు తలుపుకు అవతల గౌరునాయుడు నవ్వుతూ తలూపుతున్నాడు. ఆ నవ్వు వకుళ చూడలేకపోతోంది.

విశాఖ తీరం పొడవునా కట్టిన కడలిగోడ గురించి చెప్పవలసిన నిపుణురాలు ఆమె. ఆ గోడ వెనకాలే ఇల్లూ, టిఫిన్ హోటలూ ఉన్న మనిషి ఆయన. ఇందాక ఆయన అడిగింది చిన్న ప్రశ్న.

"గోడ పునాదికాడ చెమ్మూరతందమ్మా. ఇంట్లో నా కూతురు పచ్చి బాలింత. కదపమంటారా, ఉండమంటారా?"

"తెలియదు. తవ్వి చూస్తేగానీ చెప్పలేను. అంతవరకూ అక్కడ ఉండొద్దు," అంది వకుళ.

ఆమె మెడకు చుట్టిన గొంతుమెరుగు పట్టీ ఆ మాటల్ని అందుకుని, ఆమె గొంతుతోనే అవతలికి వేరే మాటలు పంపింది. "మంచి ప్రశ్న అడిగారు! చెమ్మ సహజమే. గోడ భద్రంగా ఉంది."

బల్లమీది తెరలో ఆ వాక్యాలు చదువుతుంటే, ఎవరో నమిలి ఉమ్మిన ముద్ద తన నోట్లో పెట్టినట్టనిపించింది.

ఒకప్పుడు నిపుణులు సామాన్యుల్ని కసిరేవారు. "చెప్పినా మీకర్థం కాదు" అనేవారు. ఆ కసురు మాన్పించడానికి తెచ్చిన పట్టీ ఇది. కసురు పోయింది. దాంతోపాటు 'తెలియదు' కూడా పోయింది. ఆ మాట జనంలో ఆందోళన పెంచుతుందట! ఇరవై ఏళ్లుగా ఏ నిపుణుడి నోటా అది ఎవరూ వినలేదు. నిపుణులూ హాయిగా అలవాటుపడ్డారు, సిగ్గులేని జన్మలు.

వకుళ పట్టీ పీకి పడేసి, తలుపు తోసుకుని ఆయన ముందుకు వచ్చింది.

"నాయుడుగారూ, ఇందాక మీరు విన్నది నా మాట కాదు. గోడ నిలుస్తుందో లేదో నాకు తెలియదు. తేలేదాకా పిల్లనీ బిడ్డనీ బయటికి తీసుకుపోండి."

గౌరునాయుడు ఆమెను ఎగాదిగా చూశాడు. మొహం చిట్లించాడు.

"తెలీదా? తెలీనోళ్లని ఇక్కడెందుకు కూకోబెట్టినారు?" లేచి కండువా దులిపాడు. "పక్కగదిలో సారునడుగుతాను. ఆయనకి తెలుస్తాది."

పక్కగది సారు మెడకూ పట్టీ ఉంది. అక్కడ ఏ జవాబు వస్తుందో వకుళకు తెలుసు. గౌరునాయుడు అప్పుడే ఆ తలుపు మీద చెయ్యి వేశాడు.

"ఆగండి! నాకు తెలుసు. కూలిపోతుంది."

ఆయన తిరిగి చూశాడు. "ఎప్పుడు?"

"రేపు... రేపు తెల్లారి."

"ఏ పక్కనుంచమ్మా?"

"ఉత్తరం పక్కనుంచి."

గౌరునాయుడు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "అదీ! ఇప్పుడు తెలిసినోళ్లలాగ మాటాడినారు. మా ఈదంతా ఖాళీ సేయించేస్తాను." గబగబా మెట్లు దిగిపోయాడు.

వకుళ మెడ తడుముకుంది. పట్టీ లేదు. అబద్ధం అచ్చంగా తన గొంతులోంచే వచ్చింది. రేపు గోడ నిలబడితే ఎల్లుండికి అందరూ తిరిగి వచ్చేస్తారు. ఆ తరవాత ఎవరు చెప్పినా కదలరు.

కూలితే బావుణ్ణు, అనుకుంది.

ఆ కోరిక తనదేనని తెలియగానే గాజు తలుపు పట్టుకుని వంగిపోయింది. తనమీద తనకే డోకు వచ్చింది.