గుటకలాయన మార్చిన ఆయిల్

ముందే ఒప్పుకుంటున్నాను — వరస తప్పవచ్చు. ఎర్రదీపం వెలిగింది ఏడో రోజా, ఎనిమిదో రోజా? వాన ముందా, వెనకా? ఈ మధ్య పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతున్నదాన్ని, ముప్ఫై ఏళ్ళ కిందటి సంగతికి పూచీ పడలేను. ఆ రేవు మాత్రం కళ్ళకు కట్టినట్టుంది.

నది మలుపులో పాడుబడిన పంపు షెడ్డు, దాని ముందు నీళ్ళలోకి దిగే సిమెంటు మెట్లు. ఆ చోటికి మంచి పేరు లేదు. షెడ్డు కాపలాదారు ఒకాయన ఆ మెట్ల మీద జారి నీళ్ళలో పోయాడట. పోయేముందు మింగిన నీళ్ళు ఇంకా మింగుతూనే ఉన్నాడట... రాత్రిపూట అక్కడ పడవ కడితే గుటకలు వినిపిస్తాయట. అందరూ ఆయన్ని గుటకలాయన అనేవాళ్ళు. మాకు ఆయిల్ సీసాలు అమ్మిన కొట్టాయన మరీ మరీ చెప్పాడు — "ఎక్కడైనా ఆగండి, అక్కడ మాత్రం ఆగకండి."

అక్కడే ఆగాం.

పడవలో ఉన్నది మా ఆయన, మా మరిది, నేను. నది చివరి రేవులో జనాన్ని అటూ ఇటూ దాటించే ఉద్యోగం మా ఆయనకు వచ్చింది. సొంత పడవతో సోమవారం పొద్దున తొమ్మిదికల్లా హాజరు కావాలి. లేకపోతే వరసలో తరవాతి మనిషికి ఇచ్చేస్తారు. పది రోజుల ప్రయాణం. పడవ వెనక తగిలించిన ఇంజను కొత్తది, ఇంకా మెరుపు కూడా పోలేదు.

ఇంజనుతో పాటు వచ్చిన చిన్న పుస్తకాన్ని అన్నదమ్ములు టీ గిన్నె కింద వేసుకున్నారు. నాకేమో చదివే పిచ్చి. బడికి పోలేదు, పొట్లాల కాగితాలు చూసి అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఆ పుస్తకం రెండుసార్లు చదివాను. కొత్త ఇంజనుకు మొదటి ఇరవై గంటలకే ఆయిల్ మార్చాలని ఉంది. మూడో రోజే చెప్పాను.

"పుస్తకం చూసి ఇంజను నడుపుతారటే ఎవరైనా?" అన్నారు ఆయన.

"వదినను వదిలేస్తే ఇంజను చేత పరీక్ష కూడా రాయిస్తుందన్నయ్యా," అన్నాడు మరిది.

ఇద్దరూ మైలు దూరం నవ్వుకుంటూ పోయారు. 

సరిగ్గా ఆ మలుపులో ఇంజను మీద ఆయిల్ ఎర్రదీపం వెలిగింది. ఇంజను మూలిగి, నత్తనడక పట్టింది. అది శనివారం, అప్పటికే చీకటి పడింది. ఇంకో గంట అలాగే నడిపితే ఇంజను బిగుసుకుపోతుంది. ఉద్యోగం నీళ్ళపాలు.

ఇక్కడి నుంచి మా ఆయన చెప్పే కథ. ఆయన ఉన్నన్నాళ్ళూ ఇంటికొచ్చిన ఏ మనిషినీ ఇది వినిపించకుండా పంపలేదు.

పడవను మెట్లకు కట్టారు. "నువ్వు జడుసుకుంటావు, పడుకో" అని నన్ను పడవ ముందువైపు టార్పాలిన్ కింద పడుకోబెట్టారు. ఆయిల్ మార్చడానికి, సగానికి కోసిన డబ్బాను ఇంజను కింద తాడుతో వేలాడదీసి, కిందిమర ఊడదీశారు. ఆయిల్ కారేదాకా మెట్ల మీద కూర్చున్నారు.

గాలి లేదు. నీళ్ళు కదలడం లేదు.

అప్పుడు...

గుటక్.

"ఏంట్రా అది?"

"నేను కాదన్నయ్యా."

గుటక్... కాసేపు ఆగి... గుటక్.

"అన్నయ్యా... ఎవరో తాగుతున్నారు."

"మాట్లాడకు. అటు చూడకు."

"మరి వదిన —"

"మీ వదినను ఏ దెయ్యం మాత్రం ఏం చేయగలదురా!"

ఈ చివరి మాట ఆయన కథలో ఏనాడూ లేదు. టార్పాలిన్ కింద నేను విన్నాను.

గుటక్, గుటక్, గుటక్ — ఇక ఆగలేదు మగధీరులు. వెలుగుతున్న టార్చి మెట్ల మీదే పారేసి, గట్టెక్కి, రోడ్డు పక్క లారీలవాళ్ళ టీ కొట్టులో తెల్లారేదాకా కూర్చున్నారు.

పొద్దున వచ్చి చూస్తే... నల్లటి పాత ఆయిల్ డబ్బాలో ఉంది. మర బిగించి ఉంది. కొత్త ఆయిల్ గీత దాకా ఉంది. ఖాళీ సీసాలు వరసగా పేర్చి ఉన్నాయి. టార్పాలిన్ కింద నేను గురక పెడుతున్నాను.

"గుటకలాయనే మార్చాడు," అన్నాడు మరిది. ఇద్దరూ షెడ్డు వైపు తిరిగి చేతులు జోడించారు. ఆ చేతులు నా వైపు ఏనాడూ తిరిగినవి కావు.

సోమవారం ఎనిమిదిన్నరకే చేరాం. ఆ ఉద్యోగం ఇరవై రెండేళ్ళు మా ఇల్లు నడిపింది.

ఇక అసలు సంగతి. పైమూత తీయకుండా కిందిమర తీస్తే, లోపలికి గాలి పోయే దారి లేక ఆయిల్ ధారగా రాదు. ఆగి ఆగి, గుటకలుగా పడుతుంది. పుస్తకంలో పదకొండో పేజీ. లేచి వెళ్ళి మూత తీశాను. దెయ్యం నోరు మూతపడింది. మిగతా పని పన్నెండో పేజీ.

పొద్దున్నే చెబుదామనుకున్నాను. నోరు తెరిచేలోపే మా ఆయన, "ఒళ్ళెరగకుండా పడుకున్నావు గనక బతికిపోయావు," అన్నారు. సరే, దెయ్యమే మార్చిందనుకోండి అనుకున్నాను.

ఇప్పుడు నా భయం దెయ్యమంటే కాదు. ఆయన కథ వినీ వినీ, ఒక్కోసారి గుటకలాయనే మార్చాడేమో అని నాకే అనిపిస్తోంది. నేను కూడా మరిచిపోతే ఆ రాత్రి చాకిరీ అంతా ఇక గుటకలాయన ఖాతాలోకే. అందుకే రాస్తున్నాను.

రాస్తుంటే ఇంకొకటి తట్టింది.

నాకు ఒక చేతిలో గరాటు, ఒక చేతిలో సీసా. టార్చి వెలుగు మాత్రం... బిగించేటప్పుడు మర మీద, పోసేటప్పుడు గరాటు మీద, చివర్న ఆయిల్ ఎంతుందో కొలపుల్లతో చూసేటప్పుడు గీత మీద, నేను ఎటు తిరిగితే అటు పడింది. నోట్లో పట్టుకున్నానేమో అనుకుందామంటే, పని అయ్యేదాకా అన్నదమ్ములిద్దర్నీ పైకే తిడుతూ ఉన్నాను.

అమ్మడూ, మా మరిదికి, అదే మీ చిన్నతాతకు, జ్ఞాపకం ఇంకా గట్టిగానే ఉంది. ఆ రోజు పడవలో ఉన్నవాళ్ళ పేర్లు ఆయన్ని అడిగి సరిచూడు. నా లెక్కకు ముగ్గురం. అందులో ఇద్దరు టీ కొట్టులో ఉన్నారు.

నాలుగో పేరేదైనా చెబితే ఇక్కడ రాసిపెట్టు. చెప్పకపోతే... ఆ మాట నాకు చెప్పకు.